పదకొండో స్విచ్

తిరుమణి సోలార్ ప్లాంటులో తిప్పేశ్ ఆరేళ్లుగా నెట్‌వర్క్ పని చూస్తున్నాడు. ప్యానెళ్ల మధ్య షెడ్లలో, నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టెలు, పద్నాలుగు స్విచ్‌లున్నాయి. ఏ కేబుల్ ఎందులోకి పోతుందో అతనొక్కడికే తెలుసు. ఏది ఆగినా ఇంజనీరు శివరాజు అతన్నే పిలిచేవాడు.

మంగళవాడ నుంచి రూప వచ్చి అదే పనిలో చేరిన రెండో వారానికే అది మారిపోయింది.

స్విచ్‌లలో సగం ఒక కంపెనీవి, సగం ఇంకో కంపెనీవి. ప్రతి స్విచ్ తన పేరును పక్కదానికి చెబుతుంది కానీ, అదే కంపెనీదైతేనే దానికి అర్థమవుతుంది. అందుకే తిప్పేశ్ కేబుల్ వెంట ఎండలో నడిచి చూసుకునేవాడు. రూప కుర్చీలోంచి లేవకుండానే, అన్ని కంపెనీలకూ తెలిసిన ఎల్ఎల్‌డీపీ అనే పద్ధతిని ఒక్కో స్విచ్‌లో ఆన్ చేసింది. అరగంటలో పద్నాలుగు స్విచ్‌లూ తమ పొరుగు పేర్లను స్క్రీన్ మీద చూపించాయి.

"ఇన్నేండ్లూ ఇది ఎవురికీ తెలీలేదేందప్పా!" అని శివరాజు నవ్వాడు.

ఆ మధ్యాహ్నం తిప్పేశ్ అన్నం సగంలోనే వదిలి లేచాడు. "నువ్వు చెప్తేనే గదన్నా నాకు షెడ్లు తెలిసింది" అని రూప అన్నా, దెప్పినట్టే వినబడింది.

మరునాడు పొద్దున్నే, ఆమె రాకముందు, అతను పదకొండో స్విచ్‌లో ఎల్ఎల్‌డీపీ ఆపేశాడు. శివరాజు వచ్చి చూస్తే స్క్రీన్ మీద పదమూడే ఉన్నాయి.

"కేబుల్ తెగినట్టుండాది సార్. నేను పోయి చూసొస్తా" అన్నాడు తిప్పేశ్.

బైకు మీద పోతుంటే ఎండ కూడా హాయిగానే ఉంది. షెడ్డులో కాసేపు కూర్చుని, బాగు చేశానని చెప్పాలనుకున్నాడు. షెడ్డు చేరి ఇంకా కూర్చోకముందే ఫోను మోగింది. రూప.

"అన్నా, వచ్చెయ్. నేను ఈడ నుంచే ఆన్ చేసినా."

"కేబుల్..."

"కేబుల్ బాగానే ఉండాది. ఎవురు ఆపినారో స్విచ్ రాసిపెట్టుకుంటాదన్నా. నీ పేరు ఉండాది, టైమూ ఉండాది." ఆమె గొంతు తగ్గించింది. "సార్‌కు చెప్పలేదులే."

తిప్పేశ్ ఫోను జేబులో పెట్టి బైకు వెనక్కి తిప్పాడు. రూప సార్‌కు చెప్పేసి ఉంటే ఆమె మీద కోపమైనా తెచ్చుకునేవాడు. ఇప్పుడు పనిలోనే కాదు, మంచితనంలోనూ ఆమే పైన. అందుకు ఇంకా మండింది.

తిరిగొచ్చి నేరుగా శివరాజు దగ్గరికి పోయాడు. "ఆపింది నేనే సార్. ఓర్చుకోలేకపోయినా."

శివరాజు కేకలేశాడు, వారం పాటు మాట్లాడలేదు. రూప మాత్రం ఆ రోజే పక్క కుర్చీ లాగి, "కూర్చోన్నా, చూపిస్తా" అంది. అతను కూర్చున్నాడు. కీబోర్డు మీద తప్పు కొట్టిన ప్రతిసారీ ఆమె దిద్దింది. దిద్దిన ప్రతిసారీ అతని కడుపు రగిలింది. అయినా పొద్దు వాలేదాకా లేవలేదు.