నిండు తొట్టి

నీళ్లను నిలబెట్టడమే నా డ్యూటీ అన్నప్పుడే నాకు తిక్క లేచింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలో పంపు నడిపినవాణ్ని. భూమి లోపల నీళ్లు శత్రువు, ఊరింది ఊరినట్టే పైకి తోసెయ్యాలి. రిటైరై గోదావరిఖని విడిచి దగ్గర్లోనే ఉన్న మా ఊరికొస్తే, పంచాయతీవాళ్లు మురుగునీళ్ల ప్లాంటు నా చేతిలో పెట్టారు. మూడొందల ఇళ్ల మురికి మొదటి తొట్టిలో అడుగుకు దిగుతుందట. నీళ్లు మాత్రం రెండో తొట్టిలో, కంకరరాళ్ల మధ్య రెండు రోజులు నిలవుండాలట. రాళ్లకు పట్టిన కంటికి కనపడని పురుగులు మిగిలిన మురికిని తినేస్తాయట. నిలవున్న నీళ్లు కంపు కొడతాయి గానీ బాగుపడతాయని ఎవరైనా అంటారా? ఇంజనీరు సుప్రజ మేడం అన్నది. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు గారి బిడ్డ, బాగా చదువుకున్నది. ఎదురు చెప్పలేకపోయాను.

ఆమె మూడుసార్లు సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపింది. మూడుసార్లూ ఫెయిల్.

“రెండు రోజులూ ఉంచుతున్నారా ఆగయ్య గారూ?” అని అడిగింది.

“ఉంచుతున్న మేడం. మూడింటికి డ్యూటీ దిగి ఇంటికి పోత. పొద్దుగాల వచ్చి చూస్తే వాల్వు తెరిచుంటది, తొట్టి ఖాళీ ఉంటది. ఎవడు తీస్తున్నడో సమజైతలేదు.”

“గురువారం మళ్లీ వస్తాను. ఈసారి కూడా ఇంతే అయితే ప్లాంటు మూసేస్తామంటున్నారు.”

మూసేస్తే మురుగు పాత దారిలోనే, మంచినీళ్ల బావి పక్కనుంచే పోతుంది. పోయిన వానాకాలం ఆ బావి నీళ్లు తాగి మా వాడ సగం దవాఖానలో పడింది. నా భార్య పోశవ్వ నాలుగు రోజులు సెలైన్ మీద ఉంది. తలచుకుంటే నాకిప్పటికీ భయమే.

ప్లాంటు పక్కనే మేకలు మేపే కిషన్ మీద అనుమానపడ్డాను. వాడు మల్లన్న మీద ఒట్టేశాడు. సరేనని వాల్వు చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మర్నాడు పొద్దున చూస్తే గొలుసు ఊడి వేలాడుతోంది, తాళంచెవి నా మొలకే ఉంది. నాకు బుర్ర పనిచెయ్యలేదు. పోచమ్మకు కోడిని కొయ్యాలేమో అనుకున్నాను.

“ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు,” అన్నది పోశవ్వ. “రేపు నేనొచ్చి కూసుంట, సూద్దం.”

సోమవారం వచ్చి తొట్టి గట్టు మీద నా పక్కనే కూర్చుంది. మూడింటికి దూరాన బొగ్గు బాయి సైరన్ కూసింది. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా పోశవ్వ నా మణికట్టు పట్టుకోవడమే.

“ఏం చేస్తున్నవయ్య?”

తాళం తీసి ఉంది. చక్రం సగం తిరిగి ఉంది. తిప్పుతున్నది నా చెయ్యే. కూర్చున్నవాణ్ని ఎప్పుడు లేచానో, తాళం ఎప్పుడు తీశానో నిజంగా నాకు తెలియదు.

బాయిలో సైరన్ కూసిందంటే, ఊరిన నీళ్లు చేరే సంపును చుక్క మిగలకుండా తోడి, తర్వాతి షిఫ్టుకు వచ్చేవాడికి ఛార్జ్ ఇవ్వాలి. నీళ్లున్న సంపును అప్పగించడం సిగ్గుచేటు, వచ్చేవాడు నానా తిట్లూ తిడతాడు. నేను ఒక్కనాడు మాట పడలేదు. ఆ గొప్పే ఇప్పుడు మా వాడకు ఎసరు పెడుతోంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

“ఇగ నేను చెయ్యనే. ఈ చెయ్యిని నమ్మేటట్టు లేదు,” అన్నాను.

పోశవ్వ చక్రాన్ని వెనక్కి తిప్పి వాల్వు మూసింది. మర్నాడు మూడింటికి ఐదు నిమిషాల ముందు, నెత్తికి తువ్వాల చుట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

“ఛార్జ్ ఇయ్యి.”

“ఏందే?”

“రెండో షిఫ్టు నాది. ఇయ్యి.”

సైరన్ కూసింది. నా చెయ్యి లేచింది. “తొట్టి నిండ నీళ్లున్నయే,” అన్నాను.

“ఉండనియ్యి. నిండుగనే తీసుకుంట. నువ్వు ఇంటికి పో.”

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ మాట నాతో ఎవ్వరూ అనలేదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, నాలుగడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ ఇంటికి పోయాను. బుధవారమూ అంతే.

గురువారం మేడం సీసా నింపి ఎండకు ఎత్తి చూసింది. అవతల నిలబడ్డ పోశవ్వ చీర రంగు అందులోంచి కనిపించింది. మేడం వాసన చూసి నవ్వింది.

“ఈసారి గట్టెక్కుతామండీ. ఏం చేశారు?”

నిలవున్న నీళ్లు ఎలా బాగుపడ్డాయో నాకింకా అర్థం కాలేదు.

“నాకు తెల్వది మేడం. నాది ఫస్ట్ షిఫ్టే,” అన్నాను. “నిండు తొట్టి ఛార్జ్ తీసుకున్నామె ఆడ నిలవడ్డది. ఆమెనడుగుండ్రి.”