వంపు దగ్గర ఫ్లాస్కు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. వంటగదిలో అమ్మ. బాల్కనీలో నాన్న, తడిసిన బూట్లలో పాత కాగితాలు కుక్కుతూ. లోపలి గదిలో మంచం మీద అక్క, మోకాళ్ళ కింద రెండు దిండ్లతో. ఆ గదికీ వంటగదికీ మధ్య తిరుగుతూ నేను. ఐదో మనిషి కొంగ. నా లెక్క ప్రకారం నలుగురమే ఉండాలి.

కొంగ అక్క స్నేహితురాలు. ఆ పేరు పెట్టింది అక్కే, కాళ్ళు పొడుగని. నాకూ అక్క పెట్టిన పేరొకటుంది, తోక. ఊళ్ళో అక్క ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్ళేదాన్నని. పెట్టిన మనిషి ఒక్కతే. కానీ కొంగ ఎగురుతుంది, తోక వెనకాల వేలాడుతుంది. ఈ తేడా గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

అక్క లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. పట్నంలో ఈ రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆ పని వల్ల అక్కకి ఒక అలవాటు పట్టుకుంది. ఏ తలుపు వేయాలన్నా, కారు తలుపైనా బీరువా తలుపైనా, ముందు పక్కవాళ్ళ వేళ్ళు ఎక్కడున్నాయో చూస్తుంది. ఆ తర్వాతే వేస్తుంది. ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. ముందురోజు రాత్రి అక్కని మెట్లెక్కించడానికి నాన్న ఒక పక్కా, కొంగ ఒక పక్కా పట్టుకున్నారు. ఎండ్రకాయలా అడ్డంగా ఒక్కో మెట్టే ఎక్కింది.

"పట్నంలో లిఫ్టులన్నీ బాగుచేస్తావు. నీ ఇంటికి ఒకటి చూసుకోలేకపోయావా?" అన్నాడు నాన్న రొప్పుతూ.

"ఇంటికొచ్చాక కూడా వాటి మొహం చూడాలా నాన్నా?" అంది అక్క. కొంగ పగలబడి నవ్వింది. ముగ్గురూ అలా నవ్వుకుంటూ ఎక్కుతుంటే నేను వెనకాల సైకిలు హెల్మెట్టు మోసుకుంటూ వచ్చాను. తోకని కదా.

ముందురోజు అక్క పూర్తిచేసింది మామూలు పోటీ కాదు. ముందు సరస్సులో ఈత. ఒడ్డెక్కగానే సైకిలు. సైకిలు దిగగానే పరుగు. మధ్యలో కూర్చోవడం ఉండదు. పొద్దున నీళ్ళలో దిగినవాళ్ళు పరుగు ముగించేసరికి సాయంత్రం అవుతుంది. దాన్ని ట్రయథ్లాన్ అంటారు. నాన్న మాత్రం "మూడు శిక్షలు" అంటాడు.

సాయంత్రం బస్సుకి మేము ఊరికి తిరిగి వెళ్ళాలి. కానీ అక్క మంచం దిగలేకపోతోంది. "ఎవరో ఒకరు వారం రోజులు దీని దగ్గర ఉండాలి" అని అమ్మ పొద్దున్నే అంది. నాన్నకి పని ఉంది. నాన్నకి వండిపెట్టడానికి అమ్మ వెళ్ళాలి. నాకు బడి సెలవులు. ఇక మిగిలింది నేనే కదా. అయినా ఆ మాట నేను పైకి అనలేదు. నాకు అడగడం చేతకాదు. బడిలో కూడా జవాబు తెలిసినా చెయ్యి ఎత్తను. కానీ పోటీ అయ్యాక అక్క దగ్గర ఉండిపోవచ్చని, ఊళ్ళో సంచి సర్దేటప్పుడే ఎవరూ చూడకుండా వారానికి సరిపడా బట్టలు కుక్కుకున్నాను. ఆ వారం కోసమే వచ్చాను. పోటీ చూడటానికి కాదు.

అక్క ఉద్యోగానికి పట్నం రాకముందు ఊరి కాలువలో ఈదేది. నేను గట్టు మీద, అక్క బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. అక్క ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి వచ్చినప్పుడల్లా పక్కన ఒక రాయి పెట్టేదాన్ని. పైకి వచ్చి తల తుడుచుకుంటూ "ఎన్ని తోకా?" అని అడిగేది. నేను రాళ్ళు చూసి చెప్పేదాన్ని. ఇప్పుడు అక్క చేతికి ఒక గడియారం ఉంది. అదే లెక్కపెడుతుంది. అది కొంగ ఇచ్చింది.

పోటీ నాడు తెల్లవారేసరికే ఆకాశం నల్లగా ఉంది. సరస్సులో అలలు లేచి, దారి చూపించే నారింజ రంగు బుడగలు ఒక్కోసారి కనబడకుండా పోతున్నాయి. ఈత మొదలుపెట్టాలా వద్దా అని నిర్వాహకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఈల వేశారు. అందరూ ఒకేలాంటి నల్ల రబ్బరు దుస్తుల్లో, ఒకేలాంటి టోపీలతో నీళ్ళలో పడ్డారు. అమ్మ కళ్ళు మూసుకుంది. అక్క ఎవరో మాకు తెలియలేదు. అప్పుడే వాన మొదలైంది, ఇక ఆగలేదు. సైకిలు ఎక్కేసరికి ఎదురుగాలి. నాన్న గొడుగు రెండుసార్లు తిరగబడి మూడోసారి విరిగింది.

కొంగ కూడా పోటీలో ఉంది. సైకిలు సగంలోనే ఆపేసింది. చలికి వేళ్ళు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేకపోయిందట. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇక అక్క ఒక్కతే, అక్కకి మేమే అనుకున్నాను.

పరుగు దారిలో ఒక వంపు దగ్గర నేను నిలబడ్డాను. ఫ్లాస్కులో చక్కెర ఎక్కువ వేసిన టీ ఉంది. అది చల్లారకుండా స్వెట్టరు లోపల పొట్టకి అదుముకుని పట్టుకున్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బూట్లలో నీళ్ళు చేరి అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడవుతోంది. ఆఖరికి అక్క వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి, పెదాలు నీలంగా ఉన్నాయి. నేను మూతలో టీ పోసి చెయ్యి చాపి పక్కన పరిగెత్తాను. "అక్కా, వేడిగా ఉంది, తాగు" అన్నాను.

అక్క నా చెయ్యి తోసేసింది. టీ నా పాదం మీద పడింది. అక్క ఆగలేదు, తిరిగి చూడలేదు. కాస్త ముందుకు వెళ్ళగానే ఒక బల్ల ఉంది. ఆ బల్ల వెనక ఒంటికి వెండి కాగితంలాంటి దుప్పటి చుట్టుకుని ఒక మనిషి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అక్క ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేసి, ఆ మనిషి భుజం తట్టి పరిగెత్తింది. కొంగ.

ఆ తర్వాత అక్క గీత దాటిందనీ, మెడలో పతకం వేశారనీ, అమ్మ ఏడ్చిందనీ అందరూ చెబుతారు. నేను అక్కడే ఉన్నాను. నాకు మాత్రం ఆ గ్లాసే గుర్తుంది.

మర్నాడు పొద్దున మంచం పక్కన నేను సూపు గిన్నె పట్టుకుని నిలబడితే, అక్క చెంచా ఎత్తలేకపోయింది. భుజాలు అంతలా పట్టేశాయి. నేను తినిపిద్దామని చెంచా ముంచేలోపే కొంగ వచ్చి మంచం మీద కూర్చుని, "ఆ..." అంది. అక్క నోరు తెరిచింది. నేను గిన్నె పట్టుకునే స్టాండులా నిలబడ్డాను.

"తోకా, కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టు. ఉప్పు వేసి పెట్టు, నొప్పులు లాగేస్తాయి" అంది అమ్మ వంటగదిలోంచి. అమ్మ ఆ మాట అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కొంగకి ఇంట్లో వాళ్ళ వైద్యం ఏం తెలుసు? నీళ్ళు బాగా కాచాను. ఉప్పు గుప్పెడు చాలదేమోనని ఇంకో గుప్పెడు వేశాను. బకెట్టు రెండు చేతులా మోసుకొచ్చి మంచం దగ్గర పెట్టి, అక్క పాదాలు నేనే ఎత్తి అందులో దింపాను.

అక్క పెట్టిన కేకకి నాన్న బూట్లు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

పాదాల కింద బొబ్బలన్నీ చిట్లి ఉన్నాయి. తడి బూట్లలో గంటల తరబడి పరిగెత్తితే చర్మం ఊడిపోతుందని నాకెలా తెలుస్తుంది? అక్క సాక్సులు తీసింది కొంగ, నన్ను గదిలోకి రానిచ్చారా? కొంగ ఒక్క ఊపున బకెట్టు జరిపి, అక్క పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలి గోరు నల్లగా అయిపోయింది. దాన్ని అసహ్యించుకోకుండా మెత్తటి గుడ్డతో అద్ది, మందు రాసి, కట్టు కట్టింది.

"ఉప్పు ఎవరు వెయ్యమన్నారే?" అన్నాడు నాన్న.

"నేనెప్పుడన్నాను?" అంది అమ్మ. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గరిటె వైపు చూసింది.

"పోనీలెండి ఆంటీ, తనకి తెలియదు కదా" అంది కొంగ. నన్ను వెనకేసుకురావడం కూడా ఆమె పనే అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మాట బయటికి వచ్చేసింది.

"నా చేతి టీ కూడా నీకు వద్దు కదా" అన్నాను అక్కతో. "వంపు దగ్గర తోసేశావు."

అక్క చెంప భుజానికి రుద్ది కన్నీళ్ళు తుడుచుకుని నన్ను వింతగా చూసింది. కొంగే చెప్పింది. "దారిలో బయటివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు తోకా. మంచినీళ్ళు కూడా. బల్ల దగ్గర నిలబడినవాళ్ళే ఇవ్వాలి. మీ అక్క వెనకాలే మోటారు సైకిలు మీద తప్పులు చూసేవాళ్ళు వస్తున్నారు. ఆ టీ తాగి ఉంటే అక్కడికక్కడే పోటీలోంచి తీసేసేవాళ్ళు. బల్ల దగ్గర మనుషులు తక్కువయ్యారని నేను వెళ్ళి నిలబడ్డాను, అంతే."

"నాకు ముందే చెప్పాల్సింది" అన్నాను.

"అంత వానలో నువ్వు ఫ్లాస్కు పట్టుకుని నిలబడతావని నాకేం తెలుసే" అంది అక్క.

ఈ సంగతి తెలిశాక మనసు కుదుటపడాలి. పడలేదు. అక్క తోసింది నన్ను కాదు, సరే. కానీ తీసుకోవడానికి వీలున్న చోటు ఏదో తెలుసుకుని, ఒణుకుతూ కూడా అక్కడికి వెళ్ళి నిలబడింది కొంగ. నేను వంపు దగ్గర నిలబడ్డాను. నన్నెవరూ తప్పుపట్టలేరు, కానీ గ్లాసు మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

సాయంత్రం నాన్న సంచులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. నా సంచి ఎత్తి చూసి, "ఇదేంటి, ఇటుకలేమైనా పెట్టావా?" అన్నాడు.

"దాన్ని అక్కడే ఉంచండి. తోక ఉంటుందిలే" అంది అమ్మ.

"కొంగ ఉంటుందమ్మా" అంది అక్క. "సెలవు కూడా పెట్టేసింది."

"పరాయి పిల్లని శ్రమపెట్టడం ఎందుకే, ఇంట్లో ఇది ఉండగా?"

"శ్రమేముంది ఆంటీ, నాకూ ఒళ్ళంతా నొప్పులే. ఇద్దరం చెరో మూలా పడుకుని మూలుగుతాం" అంది కొంగ. అమ్మ కూడా నవ్వేసింది. అమ్మ నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

నేను గది గుమ్మం దాకా వెళ్ళాను. "నేనుంటాను" అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. సంచుల దగ్గర నుంచి నాన్న తొంగిచూశాడు. ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదటిసారి.

"నువ్వొద్దు తోకా" అంది అక్క.

"ఉప్పు వెయ్యను."

కొంగ నవ్వు ఆపుకుంది. అక్క నవ్వలేదు.

"ఉప్పు కాదే. నువ్వుంటే నేను బాగున్నట్టు ఉండాలి. కాలువలో కూడా అంతే. ఎన్నిసార్లు రెక్కలు పడిపోయేవో నీకు తెలుసా? నువ్వు గట్టు మీద రాళ్ళు పెడుతూ కూర్చున్నావని ఆగేదాన్ని కాదు. నిన్న నీళ్ళలో నాకు ఎంత భయమేసిందో నీకు చెప్పలేను. ఇప్పుడు నీ ముందు గట్టిగా ఉండే ఓపిక నాకు లేదు."

అది విని నేను గర్వపడాలేమో. నాకు వినబడింది ఒక్కటే. ఆ భయం కొంగకి చెప్పేసింది, నాకు చెప్పదు.

"ఏడిస్తే ఏడువు. నేను చూడను. గోడ వైపు తిరిగి కూర్చుంటాను" అన్నాను.

అక్క గడ్డం వణకడం మొదలైంది. నేను ఎప్పుడూ చూడలేదు అలా. "కొంగా, తలుపు వెయ్యవే" అంది.

కొంగ లేచి తలుపు పట్టుకుంది. నా వైపు చూసింది. "ఉండనీ పాపం, చెల్లెలే కదా" అంది అక్కతో. ఆమె తలుపు వేసేసినా నేను ఓర్చుకునేదాన్ని. ఆ 'పాపం' ఓర్చుకోలేకపోయాను.

అప్పుడు అక్క రెండు చేతులూ మంచం అంచుకి ఆనించి లేచింది. పొద్దుటి నుంచి నేల మీద కాలు మోపని అక్క, కట్లు కట్టిన పాదాలు పూర్తిగా ఆనించకుండా మడమల మీద, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. నేను చెయ్యి చాపాను, వంపు దగ్గర చాపినట్టే. ఈసారి అక్క తోయలేదు. నా మొహం చూసింది. తర్వాత కిందికి, నా వేళ్ళ వైపు చూసింది. తలుపు సందులో పడకుండా నా చేతిని పట్టుకుని మెల్లగా వెనక్కి జరిపి, తలుపు వేసింది.