రెబెక్కమ్మ ఆగిన చోటు

"సామ్రాజ్యమక్కా! నీ కొడుకు ఆటోతో సహా కాలవలో పడినాడు!"

వీధి మొదట్లోంచి పక్కింటి హజరత్తయ్య కేక వేసేసరికి, ఫ్లోరా పెరట్లో నాలుగో ఇటిక మీద ఉంది. ఇటిక కనపడితే పిల్లలు ఎక్కి ఆడతారు గానీ, ఫ్లోరాది ఆట కాదు. గోంగూర మడి చుట్టూ పాతిన ఇటికల మీద ఆ పిల్ల మడమకు వేలు ఆనించి నడవాలి. ప్రతి ఆదివారం, చర్చికి వెళ్ళేముందు, పదేళ్ళుగా. తూలకపోతే తండ్రి యెహోషువ "స్తోత్రం" అని బైబిలు చంకలో పెట్టుకుంటాడు.

ఇదంతా ఆయన అక్క రెబెక్కమ్మ వల్ల. ముప్పై ఏళ్ళకే ఎడమకాలు ఈడ్చింది, చూపు మసకబారింది. వాతమన్నారు, వేడి తవుడు కాపడం పెట్టినారు. పెట్టిన కొద్దీ ఆమె ఇంకా వాడిపోయి, చివరికి మంచంలోనే పోయింది. ఆడోళ్ళ జబ్బనీ, ఇంటి ఆడపిల్ల నడకను కనిపెట్టుకుని ఉండాలనీ పెద్దలు తేల్చినారు.

పోయినా రెబెక్కమ్మ రావడం మానలేదు. ఫ్లోరా తల్లి సామ్రాజ్యం పొద్దున్నే వసారా కడగ్గానే తడి మీద అడుగులు పడతాయి. కుడిపాదం చక్కగా, ఎడమది ఈడ్చిన గీత. వంటింటి దాకా పోయి ఆగిపోతాయి. "వదినా, అటు జారుద్ది, చూసుకో" అంటుంది సామ్రాజ్యం, పొయ్యి మీదనుంచి తల తిప్పకుండా.

కొడుకు జడ్సన్ మోకాళ్ళకు బురదతో వచ్చి వసారాలో మంచం మీద కూలబడినాడు. నాయుడుపేటకు ఆటో తోలే పిల్లోడు, ఈ నెలలో ఇది మూడోసారి.

"గొడ్డు అడ్డమొచ్చిందిమా."

"మన దొరవారిసత్రం గొడ్లన్నీ నీ ఆటోనే ఎతుక్కుంటా వస్తాయేందిరా?" అని నవ్వినాడు వెనకాలే వచ్చిన హజరత్తయ్య.

అప్పుడు పడినాయి అడుగులు, కడిగిన వసారా తడి మీద. వంటిల్లు దాటినాయి. గుమ్మంలో నిలబడ్డ ఫ్లోరా పక్కనుంచి పోయినాయి. జడ్సన్ ముందు వేళ్ళు అతనివైపు తిప్పి ఆగినాయి.

సామ్రాజ్యం చేతిలో చీపురు జారింది. "వదినా... ఆడపిల్ల ఇటుందమ్మా" అనింది, కూతురి వైపు వేలు చూపించి.

ఫ్లోరా ఆ వేలు చూసింది. వసారా అంతా ఆరింది, ఆ పాదాలు మాత్రం ఆరలేదు.

"అన్నా, లే. ఇటికల మీద నడువు."

"నేనా? ఆడోళ్ళ జబ్బుకి మగోడితో పరీక్షేందిమే!"

"నడువు."

నవ్వుతానే ఎక్కినాడు. రెండో ఇటిక మీదే గోంగూరలోకి పడినాడు. పడినచోటే కూర్చుని, నవ్వు మాని చెప్పినాడు. "నెలబట్టి ఎడమకాలు నాది కానట్టుంది. రోడ్డు రెండుగా కనపడతాంది. చెబితే నా బండి ఎవరెక్కుతారు?"

మర్నాడే నెల్లూరు. మెదడుకు స్కానింగు తీసి, డాక్టరమ్మ పేరు చెప్పింది: మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి నరాల పైపొరను కొరుకుతుందంట.

"ఆడోళ్ళకు కదమ్మా వచ్చేది? మా అక్కకూ ఇట్టానే కాలు ఈడ్చింది. మా రక్తంలో శాపం..." అన్నాడు యెహోషువ.

"ముగ్గురు ఆడవాళ్ళకు వస్తే ఒక మగాడికి వస్తుంది. ఒకటంటే సున్నా కాదు కదండీ. రక్తంలో చిన్నచిన్నవి చాలా కలిసి వస్తేనే, అదీ బయటివి కొన్ని తోడైతేనే. శాపమేం కాదు. తొందరగా తెచ్చినారు, మందులున్నాయి."

"నాకు?" అనింది ఫ్లోరా.

"మామూలు వాళ్ళకంటే కొంచెం ఎక్కువ. కానీ అన్నకు ఈ జబ్బొచ్చిన వందమంది చెల్లెళ్ళలో తొంభై ఏడుగురికి రానేరాదు."

పదేళ్ళు ఇటికల మీద నడిచిన పిల్ల ఆ తొంభై ఏడు అంకెను మనసులోనే రెండుసార్లు అనుకుంది.

అయిదు రోజులు ఇంజెక్షన్లు ఎక్కించినారు. ఆరోరోజు మధ్యాహ్నం జడ్సన్ బస్సు దిగి, చెల్లెలి భుజం పట్టుకుని, ఇంటిదాకా తన కాళ్ళతోనే నడిచినాడు. ఆటో ఎప్పుడు తోలాలో డాక్టరమ్మ చెప్పాలంట.

సామ్రాజ్యం వంకాయ రొయ్యల కూర వండింది. మగవాళ్ళిద్దరికీ వడ్డించి గోడకానుకుని నిలబడింది. కూతురి మొహం చూడలేక గిన్నెలోకే చూస్తోంది.

"ఆరోజు నేనట్టా నీ మీదికి వేలు చూపించి..." అని మొదలుపెట్టింది.

ఫ్లోరా గరిటె లాక్కుని తల్లికి కంచం పెట్టింది, తనకొకటి పెట్టుకుంది. "కూర్చోమా. కూడు చల్లారతాంది."

జడ్సన్ ఎడమకాలు చాపుకుని కాస్త జరిగినాడు. సామ్రాజ్యం కూతురి పక్కన కూర్చుంది. నలుగురూ కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.