సగం రుద్దిన వీపు

ఫోను మోగేటప్పటికి ఓక్బున్‌కి ఎడమ పక్క మాత్రమే రుద్దడం అయింది. వీధి స్నానశాలలో డబ్బులకి ఒళ్ళు రుద్దే బోంగ్సున్ చేతికి గరుకు గుడ్డ తొడుక్కుని, ఆమెను బల్ల మీద ఒక వారకి పడుకోబెట్టి, మట్టి ఉండలు ఉండలుగా రాలేటట్టు రుద్దుతోంది. కుళాయికి వేలాడదీసిన ప్లాస్టిక్ సంచిలోంచి ఫోను గీపెట్టింది. ఓక్బున్ సబ్బు నురగతోనే లేచి కూచుంది.

"ఇంకో పక్క ఉందక్కా. ఎక్కడికి లేస్తావు?"

"సేజిన్ ఫోను."

"గంటలో వస్తానని చెప్పు."

"అప్పటిదాకా కోసిన కడుపు అలాగే తెరిచి పెట్టుకుని కూచుంటారా అక్కడ?"

"కోసేది డాక్టరు, అందించేది సేజిన్. మధ్యలో నీకేం పని?"

"సేజిన్ కూతుర్ని ఎవరు చూస్తారు, నువ్వా?"

బోంగ్సున్ ఒక చెంబెడు నీళ్ళు ఆమె నెత్తిన పోసింది. "పో మరి. సగానికి సగమే డబ్బులిస్తానంటే మాత్రం ఊరుకోను. మొదలుపెడితే పూర్తి డబ్బులే, నా దగ్గర అంతే."

తడి జుట్టు మీద తువ్వాలు చుట్టుకుని ఓక్బున్ దక్షిణ కొరియాలోని మాసాన్ రేవు రోడ్డు ఎక్కింది. మార్చి గాలి చెవుల్లోకి దూరుతోంది. రుద్దిన వైపు చర్మం మంట, రుద్దని వైపు దురద. రెండిటి మధ్యా ఒళ్ళు ఎవరిదో అన్నట్టుంది.

సేజిన్ ఆస్పత్రిలో ఆపరేషన్ గదిలో నర్సు. నెలలో ఏడు రోజులు ఇంట్లోనే ఉంటుంది గానీ, పిలుపొస్తే అరగంటలో ఆస్పత్రిలో ఉండాలి. మొగుడు ఓడ మీద వంటవాడు, నాలుగు నెలలకోసారి వస్తాడు. అందుకని ఆ ఏడు రోజులూ ఓక్బున్ పది నిమిషాల్లో సేజిన్ ఇంట్లో వాలేటంత దూరంలోనే తిరగాలి. జింజులో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి బస్సెక్కకూడదు. ఇరుగుపొరుగు గ్లాసుడు కల్లు పోస్తామన్నా ముట్టకూడదు. పిలిస్తే గంటకి పదమూడు వేల వాన్లు. పిలవకపోతే ఏమీ లేదు. పోయిన నెల ఏడింట్లో రెండు రోజులే పిలిచింది.

రాత్రి డ్యూటీలు వేరే. నెలకి నాలుగు రాత్రులు ఓక్బున్ సేజిన్ కూతురు, నాలుగేళ్ళ బోరం పక్కనే పడుకుంటుంది. ఆ రాత్రికి ముప్పై వేలు, పది నుంచి ఆరింటిదాకా. మొన్న శుక్రవారం సేజిన్ ఒక కాగితం టైపు చేయించి ఇచ్చింది. అందులో ఆ ఎనిమిది గంటల పక్కన "నిద్ర సమయం" అని రాసి ఉంది. ఆదివారం సాయంత్రానికి సంతకం పెట్టమంది. అన్నీ రాసిపెట్టుకుంటే ఇద్దరికీ మంచిది, ఆయాల్ని పంపే ఏజెన్సీ వాళ్ళూ ఇలాగే రాస్తారు పిన్నిగారూ, అంది.

పాపకి జ్వరమొచ్చినప్పుడు పిన్నీ. డబ్బు మాట వచ్చినప్పుడు పిన్నిగారూ. ఓక్బున్‌కి ఆ గారు వినపడగానే డబ్బు కోత పడబోతోందని తెలిసిపోతుంది. ఏజెన్సీ అన్న మాట ఊరికే అనలేదని ఆమెకి తెలుసు. సంతకం పెట్టకపోతే ఇంకెవరో వస్తారు. బోరం ఆ ఇంకెవరిదో వేలు పట్టుకుని బడికి వెళుతుంది. పెడితే, నిద్రపోయినందుకు డబ్బులు తీసుకుంటున్నానని తన పేరుతో తనే ఒప్పుకున్నట్టు. రెండు రోజులుగా ఆ కాగితం ఒకసారి బియ్యం డబ్బా కింద, ఒకసారి దిండు కింద పెట్టి చూసింది. ఎక్కడ పెట్టినా కుదురు లేదు. ఇవాళే గడువు కాబట్టి మడిచి సంచిలో వేసుకుంది.

మూడంతస్తుల మెట్లూ ఎక్కి ఆయాసపడుతూ గంట కొట్టింది. సేజిన్ చెప్పులు విడుస్తూ తలుపు తీసింది.

"అయ్యో పిన్నిగారూ! ఇప్పుడే ఫోన్ చేశారు, రోగిని వేరే ఆస్పత్రికి పంపించేశారట. రావద్దన్నారు. మీకు చెబుదామనే అనుకుంటున్నా."

"వచ్చేశాను."

"జుట్టు తడిసిపోయిందే! రండి, టీ తాగి వెళుదురుగాని."

బోరం పరుగున వచ్చి ఆమె కాళ్ళకి చుట్టుకుంది. "అమ్మమ్మా, నీ చెయ్యి ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి లేదు!"

"దీనికి స్నానమైంది, దానికి కాలేదు."

"మరి అది ఏడవదా?"

"ఏడుస్తోంది. గోకుతున్నా చూడు."

టీ కాగుతుండగా సేజిన్ ఫోను మళ్ళీ మోగింది. ఆమె బట్టలు ఆరేసే బాల్కనీలోకి వెళ్ళి గాజు తలుపు వేసుకుంది. తలుపు పూర్తిగా పడలేదు. ముందు మెల్లగా మాట్లాడింది. తర్వాత గొంతు లేచింది.

"ఇంట్లో ఉంటే విశ్రాంతే కదా అంటారేంటి మేడమ్? పన్నెండు గంటలు కాచుకుంటే ఇరవై వేలా? తలంటుకోవాలన్నా ఫోను ఎదురుగా పెట్టుకోవాలి. పడుకున్నా ఒక చెవి తెరిచే ఉంటుంది. పిలిచారా లేదా అన్నది కాదు మేడమ్, ఆ రోజు నాది కాదు. మీదే. మీది అయినప్పుడు మీరే కట్టాలి."

ఓక్బున్ పొయ్యి కట్టేసింది. కుడి భుజం గోకడం ఆపేసింది. ఆ మాటలు రెండు రోజులుగా తను వెతుక్కుంటున్నవి. దొరక్క దొరక్క ఈ బాల్కనీలో దొరికాయి.

సేజిన్ ఎర్రబడ్డ మొహంతో లోపలికొచ్చింది. "మా హెడ్డు నర్సు. రాతి మనిషి."

"ఏమంది?"

"పడుకున్నందుకు కూడా డబ్బులా అంది!"

"నువ్వేమన్నావు?"

"చెప్పాను కదా, విన్లేదా మీరు..." సేజిన్ నోటిలో మాట సగంలో ఆగింది. బల్ల మీద ఓక్బున్ అప్పటికే మడత విప్పి పెట్టిన కాగితం కేసి చూసింది.

"విన్నాను అమ్మాయ్. భలే చెప్పావు. ఇంకోసారి చెప్పు, ఈసారి నా వైపు తిరిగి."

సేజిన్ కుర్చీలో కూలబడింది. తర్వాత ఉక్రోషంగా అంది, "అది ఆస్పత్రి. నేనొక్కదాన్ని. ఏడు రోజులకి నాకొచ్చేదే లక్షా నలభై వేలు. గంట గంటకీ మీకు కట్టాలంటే నేనెక్కణ్ణుంచి తేను?"

"గంట గంటకీ ఎవరడిగారు?"

"మరి?"

"కాచుకున్న రోజుకి నీకెంత ఇస్తే అందులో సగం. ఇప్పుడు ఇరవై వేలు ఇస్తున్నారు, నాకు పది. రేపు నలభై చేయిస్తే నాకు ఇరవై. ఆ రాతి మనిషితో గట్టిగా పోట్లాడు, మధ్యలో వదలకు. నా వాటా కూడా ఉంది."

సేజిన్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. "రాత్రుళ్ళ సంగతి?"

"ముప్పై వేలు ఉండనీ. కానీ నిద్ర అని రాయకు. మీ ఇంట్లో నేను పడుకున్నాను గానీ నిద్రపోలేదు. ఇది దుప్పటి తన్నేస్తుంది, దగ్గుతుంది, మంచినీళ్ళంటుంది, ఒంటికి అంటుంది. లేచిన ప్రతిసారీ ఒక గంట డబ్బు."

"ఎన్నిసార్లు లేచిందో నాకెలా తెలుస్తుంది?"

"పిల్లనే నా మీద వదిలేసి వెళుతున్నావు. లెక్క వదల్లేవా?"

బోరం రెండు వేళ్ళు చూపించింది. "నేను రెండుసార్లే లేస్తానమ్మా. ఒకసారి అబద్ధంగా."

"అబద్ధంగా లేచిందానికి నువ్వే కట్టాలి," అంది ఓక్బున్.

సేజిన్ పెన్ను తీసుకుంది. "నిద్ర సమయం" కొట్టేసింది. దాని పైన ఏం రాయాలో తోచక పెన్ను కొరుకుతూ కూచుంది.

"మీ ఆస్పత్రి కాగితాల్లో నువ్వు కాచుకునే సమయాన్ని ఏమని రాస్తారు?"

"సిద్ధంగా ఉన్న సమయం."

"అదే రాయి."

రాసింది. కింద సగం వాటా, లేచిన ప్రతిసారికీ గంట డబ్బు రాసి, ఇంకో వరస చేర్చింది, పిలిచి రావద్దన్నా ఒక గంట డబ్బు అని. పర్సులోంచి పదమూడు వేలు తీసి టీ కప్పు పక్కన పెట్టింది. ఓక్బున్ సంతకం పెట్టింది. ఎక్కువ అడిగానా, తక్కువ అడిగానా అన్నది ఇంకా తేలలేదు.

"సరే, ఆ రెండో పక్క రుద్దించుకొస్తాను," అని లేచింది.

"పిన్నీ..." సేజిన్ నసిగింది. "ఇవాళ పదింటిదాకా నేను కాచుకునే ఉండాలి. మళ్ళీ పిలిస్తే?"

ఓక్బున్ మళ్ళీ కూచుంది. ఆ సాయంత్రమంతా కుడి భుజం గోడకి రాసుకుంటూనే ఉంది. ఫోను మోగలేదు.

మర్నాడు సేజిన్‌కి సెలవు. ఓక్బున్ ఫోను కట్టేసి, బట్టలతో పాటు అరలో పెట్టి తాళం వేసి, బోంగ్సున్ బల్ల మీద కుడి పక్క పైకి పెట్టి పడుకుంది. బోంగ్సున్ నాలుగు సార్లు రుద్దిందో లేదో, ఆవిరిలో ఎక్కడో గంట మోగింది. ఓక్బున్ మోచేతి మీద లేచింది.

"పడుకో అక్కా. అది నాది, కూరలవాడు."

పడుకుంది. మరి కాసేపటికి మళ్ళీ మోగింది. మళ్ళీ లేచింది.

"ఇలా లేస్తే నీకెవరు కడతారక్కా?" అని బోంగ్సున్ ఆమె భుజం పట్టి బల్లకి అదిమి, రుద్దడం మొదలుపెట్టింది. ఓక్బున్ కళ్ళు మూసుకుంది. చెవి మాత్రం అరల వైపే ఉంది.