బొరియలో పెట్టిన పాప

1951 ఏప్రిల్ పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. పక్షుల దీవిలో పాక నిండా జనం కూర్చుని, నేలబొరియల్లో పిల్లల్ని పెట్టే మటన్ పక్షులనే సముద్రపక్షుల ఈకలు పీకుతున్నారు. ఏడు నెలల డల్సీని శాలువాతో గుండెకు కట్టుకుని వెర్నా కూడా పీకుతోంది.

"వదినా! పిల్లల్ని పట్టుకుపోయే దొర పడవ!" బయటనుంచి మరిది కేక.

వెర్నా చేతిలోంచి పక్షి జారిపోయింది. ఆదివాసుల పిల్లల్ని లాక్కుని ఆశ్రమాల్లో వేసే సర్కారు పడవ అది; పోయినేడు ఆమె పెద్దకొడుకుని తీసుకుపోయింది. ఇప్పటికీ జాడ లేదు.

"అత్తమ్మా, దీన్నెత్తుకుని పొదల్లోకి పరుగెడతాను."

"పరుగెత్తు," అంది థిర్జా తలెత్తకుండా. "పెద్దదీవిలో ఆ బుల్లి కంగారూ, పాడీమెలన్ కూడా అంతే. కడుపుసంచిలోంచి పిల్లను దించనే దించదు, ఎంత ముద్దో! కుక్క వెంటపడితే మాత్రం ఆ పిల్లనే దాని ముందు పారేసి తను బతుకుతుంది. చూశావుగా?"

"మరి ఈ పక్షో? పిల్లను బొరియలో వదిలి లోకం ఆ చివరికి పోతుంది. అదీ ఒక తల్లేనా?"

"పోతుంది. ఏటా సెప్టెంబరులో అదే రోజుకి, అదే బొరియకి వస్తుంది."

బొరియలో పక్షిపిల్ల పక్కన పెట్టిన పసిబిడ్డ ఈకలు మొలిచి పక్షులతోనే ఎగిరిపోయి, పక్షులతోనే వస్తుంది. థిర్జా వాళ్ళన్నయ్య ఏటా అలాగే వచ్చేవాడు. రాగానే కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు.

వెర్నా కొండవాలుకు పరుగెత్తింది. "ప్రభువా, నా చేతుల్లో లేకపోయినా బతకనీ," అంటూ ఒక బొరియలోకి భుజందాకా చెయ్యి పెట్టింది. పక్షిపిల్ల వెచ్చగా తగిలింది. పాపను లోపలికి జరిపింది.

దొర మంచాలు ఎత్తించాడు, నూనె పీపాలు తట్టాడు. చివరికి బొరియల వైపు చూశాడు.

"చెయ్యి పెట్టి చూడండి దొరా," అంది థిర్జా. "వెచ్చగా ఉంటే పక్షి. చల్లగా ఉంటే పాము."

వేల బొరియలు. దొర చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి.

పడవ కనుమరుగయ్యాక వెర్నా పాపను బయటికి తీసింది. వీపంతా బూడిదరంగు నూగు. వంటినిండా చేపనూనె వాసన. పాప నవ్వింది.

"ఇంక మన దగ్గర ఎన్నాళ్ళుంటుంది?" అంది వెర్నా.

"పక్షులు పోయేదాకా. ఈ నెలాఖరుదాకా."

వెర్నా ఏడవలేదు. తెల్లార్లూ పాపకు పాలిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున ఎవరూ ఈకలు పీకలేదు. ప్రార్థన చేసుకుని, కొడవళ్ళు పట్టుకుని ఇంటిల్లిపాదీ కొండవాలు ఎక్కారు. పరుగెత్తి గాలిలోకి లేచేటప్పుడు పాప కాళ్ళకు ఏదీ తగలకూడదని, ఆ బొరియ దగ్గర్నుంచి కొండ అంచుదాకా గడ్డి కోశారు.