సారా కాదు, జర పైలం

ఘాలాలోని హెడ్డాఫీసు నుంచి తాను స్వయంగా మోసుకొచ్చిన కవరులో తన మేనమామ పాస్‌పోర్టు ఉందని, మేనేజర్ ఆ కవరు చింపేదాకా సురేందర్‌కు తెలియదు.

"సాయంత్రం ఆరింటికి ఫ్లైట్," అన్నాడు మేనేజర్ కురియన్ హిందీలో. "పన్నెండుకల్లా ఇక్కడినుంచి కదలాలి. బస్సు నీదే కదా, నువ్వే దింపు."

రుస్తాఖ్ సైట్ క్యాబిన్‌లో గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది. మూలన దేవయ్య తువ్వాలును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. పదకొండేళ్ళు ఒమన్‌లో ఒళ్ళు ఎండబెట్టుకున్న మనిషి. ఈ పొద్దు ఎగ్జిట్, వీసా రద్దయి ఇంటిదారి. అదీ మామూలు ఎగ్జిట్ కాదు, మనిషి కాలు విరగ్గొట్టాడన్న మాటతో.

సోమవారం జరిగింది అది. నాలుగు స్తంభాల మీద నీళ్ళ ట్యాంకు కడుతున్నారు. ఇనుప పలకల్ని తాడుతో పైకి లాగాలి. తాడు చుట్టుకునే చేతి వించ్ గోడ వెనక ఉంటుంది. దాని దగ్గర కూర్చునే నసీరుద్దీన్‌కు పలక కనబడదు. అతనికి కళ్ళూ చెవులూ రెండూ పైనున్న దేవయ్య గొంతే. 'గుంజు' అంటే చుట్టాలి. 'ఆగు' అంటే ఆపాలి. 'జర పైలం' అంటే మెల్లగా వదలాలి. ఊళ్ళో ప్రయాణమయ్యేవాళ్ళకు పెద్దలు చెప్పే జాగ్రత్త మాట, ఈ గ్యాంగులో హుకుం అయిపోయింది. పఠాన్లూ బెంగాలీలూ కూడా నేర్చుకున్నారు.

సోమవారం పదింటికి పలక ఇంకా గాల్లో ఉండగానే తాడు వదులైంది. కింద నిలబడి పలకను సరిచేస్తున్న ఓంకార్ కాలు రెండుచోట్ల విరిగింది. రిపోర్టు రాసింది ఇంజనీర్ కోలిన్. 'వించ్ మనిషి పిలుపు విన్నాడు. పిలిచినవాడు దేవయ్య.' అంతే, రెండు ముక్కలు. పైన పనిచేసే నలుగురూ దేవయ్య నోరు మెదపలేదన్నారు. నలుగురూ అతని ఊరివాళ్ళే కాబట్టి మేనేజర్ లెక్కలోకి తీసుకోలేదు.

బయటికి రాగానే సురేందర్ మామ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పిలువలేదని గట్టిగ చెప్పరాదే మామా?"

"చెప్పిన. గిప్పుడు నాకే అనుమానమైతాంది రా. నసీరు అబద్ధమాడే మనిషి కాదు. నా నోరు నాకు తెల్వకుంట అన్నదో ఏమో." దేవయ్య ట్యాంకు వైపు చూశాడు. "పోవుడు బాధ కాదురా. కొడుకును నీ చేతుల పెడుతున్న అన్నది ఓంకార్ తల్లి రాములవ్వ. నీ కొడుకు కాలు నా మాటకే ఇరిగిందని ఆమెకు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?"

మనిషిని విమానమెక్కించడం ఒక ఎత్తు. తన నోటినే తాను నమ్మలేని స్థితిలో ఎక్కించడం ఇంకో ఎత్తు. సురేందర్ బస్సు తాళాలు జేబులో వేసుకుని గోడ వెనక్కి నడిచాడు.

నసీరుద్దీన్ ఆగిపోయిన వించ్ పక్కన కూర్చుని ఉన్నాడు. నిజామాబాద్ మనిషి. రెండు రోజులుగా సరిగా తిన్నట్టు లేదు.

"నసీరన్నా, దండం పెడత. నిజం చెప్పు."

"అల్లా కసం, సురేందర్. దేవయ్య గొంతు నాకు తెల్వదా? ఐదేండ్ల సంది ఆ గొంతు మీదనే తాడు ఇడుస్తున్న. నా భార్య గొంతన్న మర్చిపోత గని, ఆ గొంతు మర్చిపోను."

"ఎట్ల పిలిచిండు? పిలిచి సూపియ్యి."

నసీరుద్దీన్ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. "జర పైలం... జర పైలం... జర పైలం..." ప్రతిసారీ చివర్న కాస్త రాగం తీశాడు.

సురేందర్ ముందుకు వంగాడు. "మూడుసార్లు పిలిచిండా?"

"ఆఁ. మొదటిదానికే బ్రేకు వదిలిన. ఓంకార్ మొత్తుకునేలోపు ఇంకో రెండు ఇనవడ్డయి. తర్వాత ఆ అరుపులల్ల ఇంకేం ఇనరాలే."

"మా మామ ఎన్నడన్న మూడుసార్లు పిలిచిండా అన్నా?"

దేవయ్య ఏ మాటైనా ఒక్కసారే పిలుస్తాడు. కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజే చెబుతాడు: 'ఒక్కపారి చెప్తే ఇనేటోడే వించ్ మీద ఉండాలె. రెండోపారి చెప్పేలోపు కింద మనిషి ఉండడు.'

"లేదు," అన్నాడు నసీరుద్దీన్ నెమ్మదిగా. "ఎన్నడు లేదు. యా అల్లా, మరి ఎవరిదిరా ఆ గొంతు?"

సురేందర్‌కు మామ మూడుసార్లు పిలిచిన రోజు ఒక్కటే గుర్తుంది. ఆరేళ్ళ కిందట, ఎనభై ఏడులో, సమాయిల్ సైట్‌లో. భుజాల దాకా జుట్టున్న బక్క తెల్లవాడొకడు పెద్ద రికార్డరు వేసుకుని వచ్చాడు. సుత్తి దెబ్బలు, తాడు కిర్రుమనడం, అన్నీ ఎక్కించుకున్నాడు. దేవయ్య పిలుపు వినగానే మాత్రం గంతులేశాడు. ఇంకోసారి, ఇంకోసారి అని వేళ్ళు చూపించాడు. అలవాటు లేని మూడో పిలుపుకు దేవయ్య సిగ్గుపడి రాగం తీశాడు. అందరికీ తలా ఒక బిస్కెట్ పాకెట్ ఇచ్చి తెల్లవాడు వెళ్ళిపోయాడు. వారం రోజులు నవ్వుకున్నారు.

ఆ టేపు ఎక్కడికి పోయిందో ఏ దేవుడికెరుక!

అప్పుడే క్యాబిన్ వైపు నుంచి ఇంజనీర్ బండి వచ్చింది. ఏసీ కోసం అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. లోపల ఎప్పుడూ మోగే పాటే, నీళ్ళలో మునిగినట్టు వినిపిస్తోంది. 'సారా ఫ్లై ఆన్... సారా ఫ్లై ఆన్...' సైట్‌లో అందరూ దాన్ని సారా పాట అంటారు. 'ఊర్ల ఆడోళ్ళు సారా బందు చెయ్యమని కొట్లాడుతాంటే, ఈ తెల్లోళ్ళు సారా మీద పాట కట్టిన్రు సూడు' అని ఓంకార్ వారం కిందటే అందర్నీ నవ్వించాడు.

సారా ఫ్లై ఆన్.

సురేందర్ ఆ మూడు ముక్కల్నీ పెదవులు కదపకుండా అనుకున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి బండికి అడ్డంగా పరుగెత్తాడు.

"కోలిన్ సాబ్! సోమవారం పదింటికి బండి ఎక్కడ పెట్టారు?"

కోలిన్ అద్దం దించాడు. "ఈ గోడ పక్కనే. ఇక్కడ నీడ ఉంటుంది. ఏం?"

"తలుపు?"

"డ్రాయింగులు తీసుకుంటూ తెరిచే ఉంచాను. సంగతేమిటి?"

"ఈ పాట మొదటినుంచి పెట్టండి సాబ్. ఒక్కసారి."

కోలిన్‌కు అభిమాన విషయం దొరికింది. టేపు వెనక్కి తిప్పుతూ ఉత్సాహంగా చెప్పాడు. ఇంగ్లండ్‌లో మూడేళ్ళుగా ఈ పాట పాడని కుర్రవాడు లేడట. సారా అనే అమ్మాయి వెళ్ళిపోతుంటే ఎగిరిపొమ్మని ప్రియుడు పాడతాడట. "మొదట్లో వచ్చే గొంతు ఎవరో ఎడారి సాధువుది అంటారు. ప్రార్థన అని పత్రికల్లో కూడా రాశారు."

టేపు గరగరలాడింది. ఇనుము మీద సుత్తి దెబ్బ. ఇంకోటి. అప్పుడు గిటారూ లేదు, డ్రమ్మూ లేదు, గాలిలోకి ఒక్క గొంతు లేచింది. జర పైలం. జర పైలం. మూడోసారి, సిగ్గుపడుతున్న రాగంతో, జర పైలం. ఆ వెనకే దూరంగా ఎవడో అడిగాడు: "మామా, బీడీ ఉన్నదా?" గిటార్లు విరుచుకుపడ్డాయి.

సురేందర్ తలుపు గట్టిగా పట్టుకున్నాడు. ఎడారి సాధువును బీడీ అడిగిన ఆ గొంతు తనదే. ఇరవై రెండేళ్ళప్పటిది.

పదకొండున్నరకు మేనేజర్‌ను ట్యాంకు పైకి ఎక్కించారు. అతను విసుక్కుంటూనే ఎక్కి, దేవయ్య పక్కన నిలబడ్డాడు. కొక్కేనికి ఇసుక బస్తా తగిలించి సగం దాకా లేపారు. కింద ఎవరినీ ఉండనివ్వలేదు. గోడ వెనక నసీరుద్దీన్‌కు చెప్పింది ఒక్కటే, రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యి. సోమవారం ఆగిన చోటే బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. కోలిన్ బటన్ నొక్కాడు.

మొదటి 'జర పైలం'కే బస్తా కదిలింది. బుద్ధిగా దిగి నేల మీద కూర్చుంది. మూడో పిలుపు కాగానే కోలిన్ టేపు ఆపాడు.

"ఎవరు పిలిచారు?" పైనుంచి అరిచాడు మేనేజర్.

"దేవయ్య, సాబ్! ఇంకెవరు?" గోడ వెనకనుంచి జవాబొచ్చింది.

మేనేజర్ పక్కకు చూశాడు. దేవయ్య నోరు మూసుకునే ఉన్నాడు. పలక అంచున కూర్చుని, కిందినుంచి వచ్చిన తన గొంతు కోసం ఇంకా చెవి ఒగ్గి ఉన్నాడు.

"అది నేనే," అన్నాడు. "గని నేను గాదు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలో రెండు రోజుల అనుమానం పోయింది.

పన్నెండుకు పది నిమిషాలు. క్యాబిన్‌లో మేనేజర్ రిపోర్టు తెరిచి దేవయ్య పేరు కొట్టేశాడు. పాస్‌పోర్టును తిరిగి కవరులో పెట్టాడు.

"సరే. ఇక్కడ ఒక పేరు కావాలి," అన్నాడు పెన్ను ఆపి. "పాట పేరు రాయలేను. పాటకు పాస్‌పోర్టు లేదు. పని జరిగేచోట, వించ్ పక్కన, తలుపు తీసి టేపు మోగించింది ఎవరు?"

అందరికీ తెలుసు. మేనేజర్‌కూ తెలుసు. కానీ కాగితం మీదికి రావాలంటే ఎవరో ఒకరు అనాలి. నసీరుద్దీన్ తన చెప్పులకేసి చూసుకున్నాడు. సురేందర్ జేబులో బస్సు తాళాలు తడుముకున్నాడు. ఇంజనీర్ పేరు ఎత్తినవాడి వీసా రెన్యూవల్ ఎలా ఉంటుందో అతనికి తెలుసు. గుమ్మంలో కోలిన్ క్యాసెట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. క్యాసెట్టును వెనక్కి దాచుకున్నాడు.

దేవయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. గోడ అవతలివాడికి కూడా వినబడేలా, ఎప్పటిలాగే ఒక్కసారి పిలిచాడు.

"కోలిన్ సాబ్."