కార్క్ వెళ్ళొచ్చే చెప్పులు

పెర్త్ శివార్లలోని పియారా వాటర్స్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గుమ్మం బయట చెప్పులుంటాయి. ఉపేంద్ర వాళ్ళ గుమ్మం ముందైతే తడి చెప్పులుంటాయి, నలభై డిగ్రీల ఎండ మాడుస్తున్నా సరే.

ఇదంతా ఆ కొత్త ఆల్బమ్ వచ్చినప్పటినుంచి. కార్క్ నగరంలో పుట్టిన ఓ ఐరిష్ రాక్ బ్యాండ్, ఇన్నేళ్ళూ ప్రపంచమంతా తిరిగి తిరిగి అలిసిపోయి, చివరికి తమ ఊరి మీదే పాటలు కట్టింది. వంతెన మీదొకటి, ఏటవాలు వీధి మీదొకటి, మూతపడ్డ ఫ్యాక్టరీ మీదొకటి. ఉపేంద్ర కూతురు చైత్ర కూడా కార్క్‌లో పుట్టిన పిల్లే, పెర్త్ వచ్చి మూడేళ్ళయింది. స్కూలు నుంచి రాగానే ఆ పాటలు పెద్దగా పెడుతుంది. మొదటి పాట మొదలవగానే గుమ్మం ముందున్న చెప్పులు కార్క్ వెళ్ళిపోతాయి. ఆఖరి పాట అయ్యేసరికి అక్కడి వానలో తడిసి, అడుగున ఆ ఊరి బురదతో తిరిగొస్తాయి.

దీన్నెవరూ పెద్ద విషయం చేసుకోలేదు. ఎక్కువగా ఇంటినుంచే పనిచేసే ఉపేంద్రకు మాత్రం చిరాకు.

"రేపు ఆఫీస్‌లో మీటింగ్ ఉందమ్మా. నా షూస్ చూడు ఎలా ఉన్నాయో!"

"డాడ్, జస్ట్ వేర్ యువర్ స్నీకర్స్," అంటుంది చైత్ర.

పక్కింటి శేషుకుమారి ఆంటీ, లోపల పాత పేపర్లు కుక్కితే తొందరగా ఆరిపోతాయని చెప్పి వెళ్ళింది.

చైత్ర తల్లి కిరణ్మయి చెప్పులు మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. ఆమె పక్క పేట హారిస్‌డేల్‌లో డాక్టరు. పాటలన్నీ అయిపోయాక గానీ ఇల్లు చేరదు. చేరాక వంట, గిన్నెలు, బట్టలు. పగలంతా ఊళ్ళోవాళ్ళ నొప్పులు వినీ వినీ, తన నొప్పి ఇంకొకరికి చెప్పుకునే ఓపిక లేకుండా పోయింది.

ఆ నొప్పి జయశ్రీ గురించి. చైత్ర పుట్టకముందు నుంచీ ఇద్దరూ కార్క్‌లో ఒకే ఆసుపత్రిలో పనిచేశారు. కిరణ్మయికి పురుడైతే పథ్యం వండిపెట్టింది జయశ్రీయే. ఆస్ట్రేలియా వీసాకి పెట్టినప్పుడు ఉపేంద్ర, "చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది" అన్నాడు. మనవాళ్ళందరూ అనే మాటే. జయక్కకి కూడానా అని అడగాల్సింది కిరణ్మయి, అడగలేదు. వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్న సంగతి జయశ్రీకి ఇంటి ఓనరు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె ఫోనెత్తలేదు, మెసేజ్‌కి జవాబివ్వలేదు. కిరణ్మయి చేస్తూనే ఉంది. అది మోగి మోగి ఆగిపోతుంది.

ఆ ఆదివారం కూడా డ్యూటీ పడింది. మధ్యాహ్నం దాటాక వచ్చి, చెప్పులు గుమ్మం ముందు విడిచి సోఫాలో కూలబడింది. చైత్ర పాటలు పెట్టిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. అవి అయిపోయాక ఉపేంద్ర తలుపు తీసి చూశాడు.

"అందరివీ వచ్చాయి కిరణ్. నీవి రాలేదేంటి?"

అప్పుడే ఆమె ఫోను మోగింది. జయక్క.

"నా గుమ్మం ముందుకి నీ చెప్పులొచ్చాయే," అంది జయశ్రీ, హలో కూడా అనకుండా. "ఎడమది మడమ దగ్గర అరిగిపోయింది. నీవే."

కిరణ్మయి సోఫాలోంచి లేచి నిలబడింది.

"చెప్పులుంటే మనిషుంటుందనుకున్నా. లోపలికొచ్చావేమోనని గదులన్నీ వెతికాను, పిచ్చిదాన్లా. ఇక్కడింకా పొద్దున్నే కదా, రెండు కప్పుల టీ పెట్టేశాను," అంది జయశ్రీ. "నా దిష్టే తగుల్తుందనుకున్నావా కిరణ్? నీ బిడ్డని నీకంటే ముందు ఎత్తుకున్నాను నేను."

"నీ దిష్టి కాదక్కా. భయపడ్డాను, అంతే. నీకు చెప్పకుండా రావడం తప్పు. ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక చస్తున్నా."

అటువైపు వాన పెద్దదైంది.

"అవి తిరిగి బయల్దేరబోతుంటే పట్టుకుని లోపల పెట్టి తలుపేశాను," అంది జయశ్రీ. "పంపను. కావాలంటే నువ్వే వచ్చి తీసుకుపో."

"ఎవరు?" అన్నాడు ఉపేంద్ర గుమ్మం దగ్గర్నుంచి. కిరణ్మయి అటు చూడలేదు.

"టికెట్ కొనలేదక్కా. లీవ్ ఇస్తారో లేదో తెలీదు. ఉపేంద్రకి కూడా ఇంకా చెప్పలేదు," అంది ఏడుస్తూ. "ముందు నీకే చెప్తున్నా. వస్తున్నా."